ఎర్రదారం వెంట ఇందూరు

పిల్లలూ!

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మాక్లూర్ నుంచి వచ్చింది. ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఇలా వ్రాసింది:

"తాతయ్యా! సెలవులకు మా మేనబావ హైదరాబాదు నుంచి వచ్చాడు. 'మా దగ్గర చార్మినార్ ఉంది, గోల్కొండ ఉంది. మీ నిజామాబాదులో చూడటానికి ఏముంది?' అని అడిగాడు. నేను చాలాసేపు ఆలోచించి 'బస్టాండు ఉంది' అన్నాను. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే మా పట్నంలో చూడటానికి ఏమీ లేదా?"

అమ్మాయీ, ఏడవకు. ఈ తప్పు నీ ఒక్కదానిదే కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. రోజూ కళ్ళబడేదాన్ని మనం చూస్తాం గాని, చూసినట్టు కాదు. నీ ప్రశ్నకు జవాబుగా ఈ నెల మన పాఠకులందరినీ ఇందూరు తీసుకుపోతాను. ఇందూరు అంటే నిజామాబాదే. ఆ పట్నం పాతపేరు అది. అయితే దానికి ముందు ఒక్కసారి జర్మనీ దేశం పోయివద్దాం.

జర్మనీలో హానోవర్ అనే పాత నగరం ఉన్నది. అక్కడి రైల్వేస్టేషను దగ్గర దిగిన వాడికి కాలిబాట మీద ఒక ఎర్రని గీత కనిపిస్తుంది. దాన్ని వాళ్ళు "ఎర్రదారం" అంటారు. దారి చెప్పే మనిషి అక్కర్లేదు, బండి అక్కర్లేదు. ఆ గీత వెంట నడిచిపోతే చాలు. అది సందులు తిరుగుతూ, గుళ్ళూ గోపురాల వంటి పాత కట్టడాల ముందు నుంచి పోతూ, 36 చోట్లు చూపించి, చివరికి మళ్ళీ స్టేషను దగ్గరికే తెచ్చి దిగబెడుతుంది. దాని పొడవు 4,200 మీటర్లు.

ఆ దారిలో రెండు చోట్లు మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి, కప్పులేని చర్చి. 1943లో యుద్ధవిమానాలు బాంబులు వేసినప్పుడు ఆ చర్చి కాలిపోయింది. తరవాత ఊరంతా మళ్ళీ కట్టుకున్నారు గాని, ఈ చర్చికి మాత్రం కప్పు వెయ్యలేదు. యుద్ధం ఏం చేస్తుందో పిల్లలకు తెలియాలని మొండిగోడలను అట్లాగే ఉంచారు. జపానులోని హిరోషిమా నగరం ఇచ్చిన శాంతిగంట అక్కడ వ్రేలాడుతున్నది. రెండోది, 1913లో పూర్తయిన నగర సభాభవనం. అందులో ఆ ఊరి నమూనాలు నాలుగున్నాయి. 1689లో ఊరు ఎట్లా ఉండేదో ఒకటి చూపిస్తుంది. 1939లో, యుద్ధానికి ముందు, ఎట్లా ఉండేదో ఒకటి. 1945లో, నేలమట్టమయ్యాక, ఎట్లా మిగిలిందో ఒకటి. ఇప్పుడు ఎట్లా ఉన్నదో ఒకటి. నాలుగు బల్లల చుట్టూ తిరిగితే మూడువందల ఏళ్ళు తిరిగినట్టే!

మరి మన ఇందూరులో రోడ్డు మీద ఎర్రగీత ఎవరూ గీయలేదు గదా? ఫరవాలేదు. మన దారం మనమే చేసుకుందాం.

దారం తయారీ

బారెడు తెల్లని నూలుదారం తీసుకోండి. ఇంట్లో ఉన్న పసుపు నీళ్ళలో కలిపి అందులో ముంచండి. దారం పచ్చనవుతుంది. తరవాత అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకుని, తాంబూలానికి వాడే సున్నం చిటికెడు నీళ్ళలో కలిపి ఆ తేటలో ముంచండి. చూశారా! పచ్చదారం ఎర్రబడింది. పెళ్ళిళ్ళలో పారాణి తయారయ్యేది ఇలాగే. పసుపులో ఉన్న రంగు పదార్థం సున్నం వంటి క్షారం తగిలితే ఎరుపవుతుంది, చింతపండు రసం వంటి ఆమ్లం తగిలితే మళ్ళీ పసుపుకు తిరుగుతుంది. సున్నం కళ్ళలో పడకుండా జాగ్రత్త. పని కాగానే చేతులు కడుక్కోండి.

ఈ దారానికి ఇంటి దగ్గర ఒక ముడి వెయ్యండి. దారిలో చూసిన ప్రతి చోటా ఒక ముడి వెయ్యాలి. జేబులో చిన్న నోటుబుక్కు, పెన్సిలు, సంచిలో మంచినీళ్ళ సీసా, వెంట ఒక పెద్దవారు. ఇవి ఉంటే మన యాత్ర మొదలు పెట్టవచ్చు.

మరొక సంగతి. మీ అడుగు ఎంత పొడవో ముందే కొలుచుకోండి. బడి ఆవరణలో మామూలుగా పది అడుగులు వేసి, ఆ దూరం టేపుతో కొలవండి. ఆరు మీటర్లు వచ్చిందనుకోండి, మీ ఒక్క అడుగు 60 సెంటీమీటర్లన్నమాట. ఇక వెయ్యి అడుగులు వేస్తే 600 మీటర్లు నడిచినట్టు. హానోవరులోని ఎర్రదారం మీ లెక్కలో ఏడువేల అడుగులు! మన దారం ఎన్ని అడుగులో మీరే లెక్కించి నాకు వ్రాయాలి.

మొదటి ముడి: కాలువ

మాక్లూర్ వైపు నుంచి వచ్చేవారు దాస్‌నగర్ దగ్గర బస్సు కిటికీలోంచి బయటికి చూడండి. అక్కడ కనిపించేది నిజాంసాగర్ కాలువ. మంజీరా నది మీద అచ్చంపేట గ్రామం దగ్గర 1923లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఆ పని నడిపిన గొప్ప ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ సాగరం కోసం సుమారు నలభై గ్రామాల వాళ్ళు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి లేచిపోయారు. ఆ నీళ్ళు వచ్చాకనే ఈ జిల్లాలో వరి, చెరకు పొలాలు అంతగా పెరిగాయి. చెరకు పెరిగింది గనకనే 1937లో బోధన్ దగ్గర నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అనే పేరు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుల్లో ఒకటిగా పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మీ తాతలలో ఎవరైనా బండిమీద చెరకు వేసుకుని అక్కడికి పోయి ఉంటారు. ఆ రోజుల్లో తూకం దగ్గర ఎంతసేపు కాచుకున్నారో అడిగి చూడండి.

రెండో ముడి: కంఠేశ్వరం

పట్నానికి ఉత్తరపు దిక్కున నీలకంఠేశ్వరుని ఆలయం ఉన్నది. పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన విషాన్ని మింగి గొంతులో దాచుకున్నవాడు నీలకంఠుడు. ఈ గుడిని శాతవాహన రాజు శాతకర్ణి మొదట జైనుల కోసం కట్టించాడనీ, ఆ తరవాత అది శివాలయమైందనీ చెబుతారు. కట్టడపు తీరు ఉత్తరదేశపు ఆలయాలను పోలి ఉంటుంది. శిఖరం వైపు ఒకసారి తేరిపార చూడండి. తరవాత మీ ఊరి గుడి గోపురాన్ని గుర్తుకు తెచ్చుకోండి. రెండింటికీ ఏమి భేదం ఉన్నదో నోటుబుక్కులో బొమ్మ వేసుకోండి. ఏటా రథసప్తమికి ఇక్కడ పెద్ద ఉత్సవం జరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఎండ కాస్తుండగా, గుడి ముందు ఉన్న ధ్వజస్తంభమో దీపస్తంభమో ఎంత ఎత్తో ఎక్కకుండానే కొలవవచ్చు. మూడడుగుల కర్రను నేలమీద నిలువుగా పట్టుకుని దాని నీడ కొలవండి. నీడ రెండడుగులు ఉన్నదనుకోండి. వెంటనే స్తంభం నీడ కొలవండి. అది ఇరవై అడుగులు ఉంటే స్తంభం ఎత్తు ముప్ఫై అడుగులన్నమాట. రెండువేల అయిదువందల ఏళ్ళ కిందట థేలీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టు పిరమిడ్ ఎత్తును నీడతోనే కొలిచాడని చెబుతారు.

మూడో ముడి: రైల్వేస్టేషను

అక్కడినుంచి పట్నంలోకి రండి. రైల్వేస్టేషను చూడని పిల్లలుండరు. కాని ఈ పట్నం పేరుకీ రైలుకీ సంబంధం ఉన్న సంగతి చాలామందికి తెలియదు. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుంచి గోదావరి లోయ మీదుగా మన్మాడ్ దాకా రైలుమార్గం వేశారు. రైలు వచ్చిన తరవాత వర్తకం పెరిగి ఊరు పెరిగింది. 1905 ప్రాంతంలో ఇందూరుకు నిజామాబాదు అనే పేరు స్థిరపడింది. నిజాం ప్రభువుల పేరిట పెట్టిన పేరు అది.

అప్పట్లో ఇక్కడ నడిచింది మీటరు గేజి రైలు. అంటే పట్టాల మధ్య ఎడం సరిగ్గా ఒక మీటరు. ఇప్పుడున్నది బ్రాడ్ గేజి, 1,676 మిల్లీమీటర్ల ఎడం. పట్టాల మధ్య ఎడం ఎక్కువైతే పెట్టెలు వెడల్పుగా కట్టవచ్చు, ఎక్కువ బరువు మోయవచ్చు, వేగంగా పోయినా నిలకడగా ఉంటాయి. 2017లో పెద్దపల్లి నుంచి కరీంనగరు మీదుగా వచ్చే లైను కూడా పూర్తయి నిజామాబాదుతో కలిసింది. కొలవాలని పట్టాల మీదికి మాత్రం దిగకండి! ప్లాట్‌ఫారం మీద ఒక మీటరు గీసి, దాని పక్కన మరొక ముప్పాతిక మీటరుకు కాస్త తక్కువ గీస్తే రెండు గేజీల భేదం తెలిసిపోతుంది.

నాలుగో ముడి: తిలక్ గార్డెన్

నడి పట్నంలో తిలక్ గార్డెన్ ఉన్నది. ఆ తోటలో పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. దీన్ని 2001లో తెరిచారు. రాతియుగం మనుషులు వాడిన పనిముట్ల దగ్గర్నుంచి విజయనగర కాలం దాకా దొరికిన వస్తువులు, శిల్పాలు, కంచు విగ్రహాలు, ఆయుధాలు ఇందులో ఉంచారు. ఏ రోజు సెలవో ముందుగా కనుక్కుని వెళ్ళండి.

అక్కడ బిద్రీ పనితనపు వస్తువులు కనిపిస్తే కాసేపు నిలబడండి. నల్లని లోహం మీద తళతళలాడే వెండితీగల పని అది. మన పొరుగునున్న బీదరు పట్నం దీనికి పుట్టిల్లు. ఆ లోహంలో ఎక్కువభాగం తుత్తునాగం, కొంచెం రాగి. బీదరు కోటలోని మట్టినీ నవాసారాన్నీ కలిపిన నీళ్ళలో దాన్ని వేస్తే లోహం నల్లబడుతుంది. వెండి మాత్రం నల్లబడదు. రంగు పూసినట్టు కనిపించినా అది రంగు కాదు, రసాయనశాస్త్రం!

అయిదో ముడి: గంజి, బజారు

అన్నం గంజి కాదు, పిల్లలూ! గంజ్ అంటే ధాన్యం అమ్మే పెద్ద బజారు. పట్నంలో శ్రద్ధానంద్ గంజ్ మార్కెట్ యార్డు పసుపుకు పేరు పొందినది. వేసవికి ముందు నెలలలో అటు పోతే కుప్పలు కుప్పలుగా పసుపు కొమ్ములు కనిపిస్తాయి. పొలంలో తవ్విన కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి ఇక్కడికి తెస్తారు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదులోనే వెలిసింది. మీ చేతిలోని ఎర్రదారానికి రంగు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

అక్కడినుంచి గాంధీ చౌక్, పెద్ద బజార్ దారులు అడుగుతూ ఖిల్లా వైపు నడవండి. పాత సందుల్లో నడిచేటప్పుడు దుకాణాల బోర్డుల పైకి, మేడల కిటికీల వైపు చూడండి. పాత ఇళ్ళకు చెక్కిన దూలాలు, చిన్న అరుగులు ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. వాటిలో మీకు నచ్చిన ఒక తలుపు బొమ్మ వేసుకోండి. వచ్చే ఏటికి ఆ తలుపు ఉంటుందో ఉండదో ఎవరు చెప్పగలరు?

ఆరో ముడి: ఖిల్లా

ఇప్పుడు మన యాత్రలో అసలు చోటికి వచ్చాం. పట్నానికి నైరుతి దిక్కున ఎత్తైన చోట నిలిచిన ఈ కోటను పదో శతాబ్దంలో రాష్ట్రకూటులు కట్టించారని చెబుతారు. ఇంద్రుడనే రాష్ట్రకూట రాజు పేరు మీదనే ఈ ఊరికి ఇందూరు అనే పేరు వచ్చిందంటారు. ఆ తరవాత అది ఖిల్జీల చేతికి, బహమనీల చేతికి, కుతుబ్‌షాహీల చేతికి, చివరికి ఆసఫ్‌జాహీల చేతికి వచ్చింది. ఇప్పుడు కనిపించే పెద్ద బురుజుల తీరు ఆసఫ్‌జాహీల నాటిది. పైన రఘునాథాలయం ఉన్నది. శివాజీ మహారాజు గురువైన సమర్థ రామదాసు దీన్ని నెలకొల్పాడని ప్రతీతి. కోటను ఆనుకుని రఘునాథ చెరువు. ఒక్కచోట నిలబడి చూస్తే కోట, గుడి, చెరువు మూడూ కనిపిస్తాయి.

ఈ కోటలోనే చాలాకాలం జైలు ఉండేది. తరవాత జైలును ఊరి బయట సారంగపూర్ దగ్గరికి మార్చారు. 1948లో, నిజాం పాలన చివరిరోజులలో, ఈ జైలులో ఇద్దరు మిత్రులుండేవారు. ఒకరు దాశరథి కృష్ణమాచార్య. అప్పటికి ఆయనకు ఇరవైమూడేళ్ళు కూడా నిండలేదు. రెండోవారు వట్టికోట ఆళ్వారుస్వామి. పుస్తకాలు భుజాన మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పి తెలంగాణలో చదువు పెంచినవాడు. ప్రజల కోసం మాట్లాడినందుకు ఇద్దరినీ లోపల వేశారు.

దాశరథికి పద్యం మనసులో కదిలింది. వ్రాయటానికి కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవటానికి ఇచ్చే బొగ్గు మాత్రం ఉంది. ఆ బొగ్గుతో గోడమీద పద్యం వ్రాశాడు. జైలువాళ్ళు చెరిపేశారు. అయినా పద్యం పోలేదు. మిత్రుడు ఆళ్వారుస్వామి దాన్ని కంఠస్థం చేసేశాడని చెబుతారు. ఆ సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. మరుసటేడు, 1949లో, దాశరథి "అగ్నిధార" అనే పుస్తకం అచ్చువేసి ఆ మిత్రునికే అంకితమిచ్చాడు. 1974లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. తెలంగాణ గురించి ఆయన చెప్పిన మాట ఈనాటికీ పిల్లల నోట పలుకుతూనే ఉంది. మీ తెలుగు మాష్టారిని అడగండి, చెబుతారు.

హానోవరులోని కప్పులేని చర్చి గుర్తున్నదా? వాళ్ళు మొండిగోడను ఎందుకు దాచుకున్నారో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. ఇందూరు ఖిల్లాలోని జైలు గోడ కూడా అటువంటిదే. కొన్ని గోడలు ఇంటికోసం కడతారు. కొన్ని గోడలు జ్ఞాపకం కోసం ఉంచాలి.

మీలో గడుసువాళ్ళు కొందరు నన్ను అడగవచ్చు: "తాతయ్యా! దాశరథి గోడమీద వ్రాస్తే గొప్ప అన్నారు. మరి మేము కోటగోడ మీద మా పేరు చెక్కితే తప్పేమిటి?" మంచి ప్రశ్నే! ఆయనకు కాగితం ఇవ్వలేదు గనక గోడమీద వ్రాశాడు. మీ జేబులో నోటుబుక్కు ఉంది. ఆయన వ్రాసింది తన పేరు కాదు, తన ప్రజల మాట. అదీ భేదం. పాతగోడ మీద మేకుతో గీసిన ప్రతి గీతా ఆ గోడ ఆయుష్షును తగ్గిస్తుంది. కోటమీద బురుజుల అంచులకు పోకండి, చెరువులోకి దిగకండి. గది తలుపు వేసి ఉంటే తోసుకుపోకుండా, అక్కడున్నవారిని మర్యాదగా అడగండి.

ఆఖరి ముడి

దారిలో చూసిన చోట్లకు ఇప్పుడు ఆరు ముళ్ళు పడ్డాయి. ఏడో ముడి మీ ఇంట్లోనే ఉంది. అది ఎక్కడో చెప్పుకోండి చూద్దాం!

1948లో పదేళ్ళ పిల్లవాడిగా ఉన్నవాడు ఇప్పుడు తొంభై ఏళ్ళకు దగ్గరపడుతున్నాడు. మీటరు గేజి రైలు కూత విన్నవారు, బోధన్ మిల్లు సైరను విని పొద్దు తెలుసుకున్నవారు, గంజ్‌లో ఎద్దుబండి మీద పసుపు తెచ్చినవారు మీ వాడలోనే అరుగుల మీద కూర్చుని ఉన్నారు. కోటకు రాళ్ళు ఉన్నాయి గనక మరికొన్నాళ్ళు నిలుస్తుంది. వారి జ్ఞాపకానికి రాళ్ళు లేవు. ఈ ఆదివారమే వెళ్ళి పక్కన కూర్చుని, "తాతా, నీ చిన్నప్పుడు ఇందూరు ఎట్లుండె?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు వారి మాటల్లోనే వ్రాసుకోండి. ఆళ్వారుస్వామి తన మిత్రుని పద్యాన్ని ఎట్లా దాచాడో, మీరు వారి మాటను అట్లా దాచాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు వెంట రమ్మని అడిగినప్పుడు "అక్కడ ఏముంది?" అనకండి. ఆ ఒక్కమాటతోనే ఊళ్ళు మాయమవుతాయి. ఒక ఆదివారం పూట చెయ్యి పట్టుకుని నడవండి. మీకూ కొత్త సంగతులు తెలుస్తాయి.

ఇక మాక్లూర్ అమ్మాయికి ఒక మాట. వచ్చే సెలవులకు మీ బావ మళ్ళీ వస్తాడు గదా? ఈసారి ఏమీ చెప్పకు. ఎర్రదారం చేతిలో పెట్టి, "నడుద్దాం రా" అను. చివరికి ఖిల్లా మీద గాలికి నిలబడినప్పుడు, కిందికి పట్నాన్ని చూపించి, నువ్వే అతన్ని ఒక ప్రశ్న అడుగు: "మీ వీధిలో చూడటానికి ఏముంది?" అతను కూడా నీలాగే చాలాసేపు ఆలోచిస్తాడు. అప్పుడు నవ్వకు. ఇంకో బారెడు దారం ఇచ్చి పంపు.

మీ దారానికి ఎన్ని ముళ్ళు పడ్డాయో, ఎన్ని అడుగులు నడిచారో, ఏ తాత ఏమి చెప్పాడో నాకు వ్రాయండి.

మీ
తాతయ్య